డచ్ ఉద్యోగ ప్రకటనల్లో నైపుణ్యం, ఆప్టిట్యూడ్ షరతులు: ఇంగ్లీషులోకి ఎలా తేవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నెదర్లాండ్స్‌లో ఒక ఆహార పదార్థాల ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ టెక్నీషియన్ కావాలి. ప్రకటన డచ్‌లో ఉంది, అందులో అర్హతల భాగాన్ని ఇంగ్లీషు చేయాలి. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో పెడితే 'వర్కింగ్ అండ్ థింకింగ్ లెవెల్', 'టెక్నికల్ ఇన్‌సైట్', 'స్ట్రెస్ రెసిస్టెంట్' అని వస్తోంది. ఇవి ఉంచాలా, మార్చాలా అన్నది మీ సందేహం. మీరిచ్చిన షరతులు వరుసగా: 'ఎంబీఓ వెర్క్ ఎన్ దెంక్‌నివో, నివో 4', 'తెఖ్నిస్ ఇన్‌జిఖ్త్', 'అఫినితైత్ మెత్ పీఎల్‌సీ, ఎన్ ప్రే', 'ఎన్‌ఈఎన్ 3140 వాక్‌బెక్వామ్ పెర్సోన్', 'వీఓఎల్-వీసీఏ, లేదా తెచ్చుకోవడానికి సిద్ధం', 'స్ట్రెస్‌బెస్తెందిఖ్, జెల్ఫ్‌స్తందిఖ్', 'డచ్ భాషపై ఖూదె బెహేర్సింగ్ ఇన్ వోర్ద్ ఎన్ ఖెస్ఖ్రిఫ్త్', చివరగా '5-ప్లూఖెన్‌దీన్‌స్త్‌లో పనిచేయడానికి సిద్ధం'.

మూడూ మార్చాల్సినవే. కానీ మాటకు మాట వెతుక్కోవడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. డచ్ ప్రకటనల్లో 'ఫుంక్సీ-ఐసెన్', అంటే ఉద్యోగానికి కావాల్సిన అర్హతలు, అన్న ఒకే శీర్షిక కింద నాలుగు రకాల షరతులు కలిపి రాస్తారు. చేతిలో ఉండాల్సిన కాగితం, నేర్చుకుని ఉండాల్సిన పని, మనిషిలో సహజంగా ఉండాల్సిన సామర్థ్యం (ఆప్టిట్యూడ్) లేదా స్వభావం, ఉద్యోగంలో చేరాక ఒప్పుకోవాల్సిన పరిస్థితి. ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఇది ఏ రకమో రాసుకోండి. ఆ పక్కనే బలం కూడా రాసుకోండి: తప్పనిసరా, ఉంటే మంచిదా. ఈ రంగంలో ఎక్కువ నష్టం చేసే తప్పులు ఈ రెండు గీతలు చెరిగిపోవడం వల్ల వస్తాయి. ఆసక్తి అడిగిన చోట అనుభవం అడిగినట్టు రాస్తే తగిన అభ్యర్థి అప్లై చేయకుండా ఊరుకుంటాడు. సర్టిఫికెట్ అడిగిన చోట అవగాహన చాలన్నట్టు రాస్తే కంపెనీ ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి రావాలి.

అన్నిటికంటే చిక్కు పెట్టేది మొదటి షరతే, అక్కడ కాస్త ఆగుదాం. డచ్ చదువుల నిచ్చెన తెలియకుండా దీన్ని అనువదించలేం. ఎంబీఓ అంటే వృత్తి విద్య, 1 నుంచి 4 వరకు స్థాయిలు. హెచ్‌బీఓ అంటే ఉన్నత వృత్తి విద్య. దాన్ని చెప్పే సంస్థ పేరు 'హోఖెస్ఖోల్'. మాట చూసి 'హై స్కూల్' అని రాసేవాళ్లున్నారు, అది ఘోరమైన తప్పు. ఇంగ్లీషులో దాని పేరు 'యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్'. డబ్ల్యూఓ అంటే పరిశోధనా విశ్వవిద్యాలయాల చదువు. ఎన్‌ఎల్‌క్యూఎఫ్ అనే డచ్ అర్హతల చట్రంలో ఎంబీఓ 4 నాలుగో మెట్టు, అసోసియేట్ డిగ్రీ ఐదు, బ్యాచిలర్ ఆరు, మాస్టర్స్ ఏడు. హెచ్‌బీఓ బ్యాచిలర్‌కు 240 క్రెడిట్లు, డబ్ల్యూఓ బ్యాచిలర్‌కు 180. అయినా రెండూ ఆరో మెట్టు మీదే ఉంటాయి. కాబట్టి హెచ్‌బీఓని 'డిప్లొమా' అని తగ్గించకూడదు. 'అకదేమిస్ నివో' అని ఉంటే సాధారణంగా వాళ్ల మనసులో ఉన్నది మాస్టర్స్. దాన్ని 'అకడమిక్ లెవెల్' అని వదిలేస్తే ఇంగ్లీషు పాఠకుడికి ఏమీ తెలియదు.

ఇక 'వెర్క్ ఎన్ దెంక్‌నివో'. అది డిప్లొమా షరతు కాదు. ఆ చదువు చదివినవాడు ఏ స్థాయిలో ఆలోచించి పనిచేస్తాడో ఆ స్థాయి చాలు, అనుభవంతో వచ్చినా పర్వాలేదు అని దాని భావం. డిప్లొమా ఖచ్చితంగా కావాలనుకుంటే డచ్‌వాళ్లు 'అఫ్‌ఖెరోందె ఓప్లైదింగ్', అంటే పూర్తిచేసిన చదువు, అని విడిగా రాస్తారు. అందుకని మొదటిదాన్ని 'ఎంబీఓ లెవెల్ 4 క్వాలిఫికేషన్ ఆర్ ఈక్వివలెంట్ ఎక్స్‌పీరియన్స్' అని, రెండోదాన్ని 'కంప్లీటెడ్ ఎంబీఓ లెవెల్ 4 క్వాలిఫికేషన్' అని వేరు చేసి రాయండి. 'థింకింగ్' అన్న మాట ఇంగ్లీషులోకి రానే కూడదు.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఉత్త 'లెవెల్ 4' అని రాస్తే బ్రిటన్ పాఠకుడు తన దేశపు అర్హతల చట్రం ఆర్‌క్యూఎఫ్‌లోని నాలుగో స్థాయి అనుకుంటాడు. డచ్ నాలుగు యూరప్ చట్రం ఈక్యూఎఫ్‌లోనూ నాలుగే, కానీ బ్రిటన్ లెక్కలో దానికి సరిపోయేది మూడో స్థాయి, అంటే ఎ-లెవెల్స్ దగ్గర. ఒక మెట్టు ఎక్కువ అడిగినట్టు అవుతుంది. 'ఎంబీఓ లెవెల్ 4, ఈక్యూఎఫ్ లెవెల్ 4' అని చట్రం పేరు పక్కనే పెట్టండి. అమెరికా పాఠకుల కోసమైతే సంఖ్యలు పనికిరావు. 'పోస్ట్-సెకండరీ' లాంటి మాటలు ఊహించి పెట్టకుండా 'డచ్ అప్పర్-సెకండరీ వొకేషనల్ క్వాలిఫికేషన్, హయ్యెస్ట్ లెవెల్' అని వర్ణించడం క్షేమం.

రెండో షరతు 'తెఖ్నిస్ ఇన్‌జిఖ్త్' నిజమైన ఆప్టిట్యూడ్ షరతు. యంత్రాన్ని చూసి ఏ భాగం దేన్ని నడిపిస్తోందో పట్టుకోగల బుర్ర కావాలని అడుగుతున్నారు. ఇంగ్లీషులో 'టెక్నికల్ ఇన్‌సైట్' అంటే ఒక విషయం మీద నిపుణుడి లోతైన విశ్లేషణ అనే అర్థం వస్తుంది. 'టెక్నికల్ ఆప్టిట్యూడ్' సరైనది. పని అంతా యంత్ర భాగాలతోనే అయితే 'మెకానికల్ ఆప్టిట్యూడ్' ఇంకా సూటిగా ఉంటుంది. ఇదే కుటుంబంలో 'సైఫర్‌మాతిఖ్ ఇన్‌జిఖ్త్' ఉంది, దానికి 'గుడ్ విత్ ఫిగర్స్' లేదా 'న్యూమరసీ'. 'కొమర్షేల్ ఇన్‌జిఖ్త్' బ్రిటన్‌లో 'కమర్షియల్ అవేర్‌నెస్', అమెరికాలో 'బిజినెస్ అక్యుమెన్'. అయితే ఇన్‌జిఖ్త్ తర్వాత 'ఇన్' అనే విభక్తి, దాని వెనక ఒక వస్తువు వస్తే రకమే మారిపోతుంది. 'ఇన్‌జిఖ్త్ ఇన్ ప్రొదుక్సీప్రొసెసెన్' అంటే ఉత్పత్తి ప్రక్రియలు నేర్చుకుని తెలిసి ఉండటం. అది 'అండర్‌స్టాండింగ్ ఆఫ్ ప్రొడక్షన్ ప్రాసెసెస్'. ముందు విశేషణం ఉంటే సహజ సామర్థ్యం, వెనక 'ఇన్' ఉంటే సంపాదించిన అవగాహన. ఈ గుర్తు దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది.

'వర్మోఖెన్'తో ముగిసే మాటలు కూడా మనిషి గుణాలను చెప్పేవే. 'అనలీతిస్ వర్మోఖెన్' అంటే 'అనలిటికల్ స్కిల్స్', 'దోర్‌జెత్తింగ్స్‌వర్మోఖెన్' అంటే 'పర్సివియరెన్స్', 'ఇన్‌లేవింగ్స్‌వర్మోఖెన్' అంటే 'ఎంపతీ'. అదే వర్మోఖెన్ ఒంటరిగా, ఎలక్ట్రికల్ ప్రకటనలో కనబడితే మాత్రం అది విద్యుత్ పవర్ కావచ్చు. ఆర్థిక సంస్థ ప్రకటనలో ఆస్తి కావచ్చు. చుట్టూ ఉన్న వాక్యం చూడకుండా గ్లాసరీలోంచి తెచ్చి అతికించవద్దు.

మూడోది 'అఫినితైత్ మెత్ పీఎల్‌సీ'. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే ప్రోగ్రామబుల్ కంట్రోలర్. దీన్ని అనుభవం కింద అనువదించడం చాలా చోట్ల కనబడే తప్పు. డచ్‌లో ఈ మాటల మధ్య ఒక నిచ్చెన ఉంది. అన్నిటికన్నా కింద అఫినితైత్: ఆ విషయమంటే ఆసక్తి, కాస్త చేయి తిరిగే గుణం. దాని పైన 'కెన్నిస్ వాన్', తెలిసి ఉండటం. ఆ పైన 'ఎర్‌వారింగ్ మెత్', చేసిన అనుభవం. అన్నిటికంటే పైన 'ఆంతోన్‌బారె ఎర్‌వారింగ్', రుజువు చూపగల అనుభవం, ఇంగ్లీషులో 'డెమాన్‌స్ట్రబుల్' లేదా 'ప్రూవెన్ ఎక్స్‌పీరియన్స్'. మీ వాక్యంలో ఉన్నది కింది మెట్టు, పైగా 'ఎన్ ప్రే' తోకతో. అంటే ఉంటే అదనపు లాభం, లేకపోయినా అడ్డు కాదు. 'ఎన్ ఇంటరెస్ట్ ఇన్ పీఎల్‌సీ కంట్రోల్ సిస్టమ్స్ ఈజ్ ఎన్ అడ్వాంటేజ్' అంటే సరిపోతుంది. 'అఫినిటీ విత్ పీఎల్‌సీ' అని ఇంగ్లీషువాళ్లు ఉద్యోగ ప్రకటనలో రాయరు. 'రౌమె ఎర్‌వారింగ్' అంటే విస్తారమైన అనుభవం, 'ఏనిఖె ఎర్‌వారింగ్' అంటే కొద్దిపాటి అనుభవం; 'ఏనిఖె'కు 'ఒకే ఒక్క' అనే అర్థం కూడా ఉంది కాబట్టి మెషీన్ ఇచ్చినదాన్ని ఓసారి సరిచూడండి.

బలం తెలిపే మాటలు ఇంకొన్ని. 'బై వోర్‌కూర్' అంటే వీలైతే, 'ప్రిఫరబ్లీ'. 'ఖెవెన్స్త్' అంటే కోరదగినది, 'డిజైరబుల్'. 'వెరైస్త్' అంటే తప్పనిసరి, 'ఎసెన్షియల్'. 'దీంత్ తె బెస్ఖికెన్ ఓవర్' కూడా తప్పనిసరే, 'మస్ట్ హావ్'; ఇందులోని 'బెస్ఖికెన్ ఓవర్' మామూలుగా 'కలిగి ఉండు', 'డిస్పోజ్' కాదు. బ్రిటన్‌లో అభ్యర్థికి ఉండాల్సిన అర్హతలు రాసే 'పర్సన్ స్పెసిఫికేషన్' పత్రాల్లో ఎసెన్షియల్, డిజైరబుల్ అని రెండు నిలువు వరుసలుంటాయి. డచ్ మూలం ఒకే జాబితా అయినప్పుడు మీ అంతట మీరు దాన్ని రెండుగా చీల్చవద్దు. క్లయింట్ అడిగితేనే చీల్చండి. బలం గుర్తు లేని వాక్యాలు ఏ వరుసలోకి వెళ్లాలో కూడా వాళ్లనే అడగండి.

నాలుగో షరతు ఆప్టిట్యూడ్ కాదు, భద్రతా ప్రమాణంలోని పారిభాషిక పదం. ఎన్‌ఈఎన్ 3140 అనేది లో వోల్టేజ్ విద్యుత్ పరికరాల మీద సురక్షితంగా పనిచేయడానికి నెదర్లాండ్స్ ప్రమాణం. ఈఎన్ 50110 అనే యూరప్ ప్రమాణంతో ముడిపడి ఉంటుంది. యూరప్ ప్రమాణపు ఇంగ్లీషు పాఠంలో 'వాక్‌బెక్వామ్ పెర్సోన్'కు ఉన్న మాట 'స్కిల్డ్ పర్సన్'. దాని కింది స్థాయి 'వోల్దునె ఒందర్‌రిఖ్త్ పెర్సోన్'కు 'ఇన్‌స్ట్రక్టెడ్ పర్సన్'. ఇక్కడ 'ఎక్స్‌పర్ట్', 'ప్రొఫెషనల్', 'కాంపిటెంట్ పర్సన్' అని అందంగా మార్చే స్వేచ్ఛ మనకు లేదు. అమెరికాలో విద్యుత్ భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ వాడే మాట 'క్వాలిఫైడ్ పర్సన్'. అయినా ఉద్యోగం నెదర్లాండ్స్‌లో ఉంది కాబట్టి యూరప్ మాటే వేయండి. మరో సంగతి: ఈ హోదాను కంపెనీ యజమాని రాతపూర్వకంగా ఇస్తాడు, కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కొత్త కంపెనీలో ఆ హోదా దానంతటదే రాదు. కాబట్టి ప్రకటన అడుగుతున్నది బహుశా ఆ హోదాకు తగిన శిక్షణ. 'ట్రెయిన్డ్ టు ఎన్‌ఈఎన్ 3140 స్కిల్డ్ పర్సన్ లెవెల్' అని రాసి, క్లయింట్‌కు ఒక వాక్యంలో ఈ ప్రశ్న పంపండి.

'వీఓఎల్-వీసీఏ' ఒక భద్రతా సర్టిఫికెట్, దాని పేరు మార్చకండి. దాని కోసం వెతికే హెచ్‌ఆర్ మనిషి ఆ అక్షరాల కోసమే చూస్తాడు. వీఓఎల్ అంటే పనిచేయించే సూపర్‌వైజర్ల స్థాయి, మామూలు పనివాళ్లది బి-వీసీఏ. 'వీఓఎల్-వీసీఏ సేఫ్టీ సర్టిఫికెట్ ఫర్ ఆపరేషనల్ సూపర్‌వైజర్స్, ఆర్ విల్లింగ్ టు ఆబ్టెయిన్ ఇట్' అంటే పూర్తి సమాచారం అందుతుంది. ఆ 'ఆర్ విల్లింగ్' ముక్క పోనివ్వకండి. దాన్ని వదిలేస్తే విదేశీ అభ్యర్థుల్లో చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఆ సర్టిఫికెట్ వాళ్ల దగ్గర ఉండే అవకాశం తక్కువ. ఇలాంటి స్థిరమైన పేర్లు మరికొన్ని: సత్ప్రవర్తన పత్రం వీఓజీకి 'సర్టిఫికెట్ ఆఫ్ కాండక్ట్', ఆసుపత్రి ఉద్యోగాల్లో బిగ్ (ఆరోగ్య వృత్తులవారి అధికారిక జాబితా) రిజిస్ట్రేషన్‌కు 'రిజిస్టర్డ్ ఇన్ ద డచ్ బిగ్ రిజిస్టర్', నర్సింగ్ ప్రకటనల్లో జంటగా వచ్చే 'బెవూఖ్ద్ ఎన్ బెక్వామ్'కు 'ఆథరైజ్డ్ అండ్ కాంపిటెంట్'. ఈ చివరి జంటలో మొదటిది చట్టం ఇచ్చే హక్కు, రెండోది చేతనైన నేర్పు. రెండిటినీ కలిపి 'క్వాలిఫైడ్' అని ఒక మాటలో తేల్చేస్తే సగం షరతు పోతుంది. అదే బెవూఖ్ద్ ఉపాధ్యాయ ప్రకటనలో వస్తే అక్కడ 'క్వాలిఫైడ్ టీచర్' అన్నదే సరి.

'స్ట్రెస్‌బెస్తెందిఖ్' అంటే 'ఏబుల్ టు వర్క్ వెల్ అండర్ ప్రెజర్'. 'స్ట్రెస్ రెసిస్టెంట్' అన్నది లోహానికో ప్లాస్టిక్‌కో వాడే మాటలా వినబడుతుంది. 'జెల్ఫ్‌స్తందిఖ్' ఇక్కడ విశేషణం, 'ఏబుల్ టు వర్క్ ఇండిపెండెంట్లీ'. అదే నామవాచకంగా వస్తే స్వయం ఉపాధి మనిషి. ఉద్యోగమా కాంట్రాక్టా అన్నదే మారిపోతుంది కాబట్టి గమనించండి. ఇలాంటి మోసపూరిత కవలలు డచ్‌లో చాలా ఉన్నాయి. 'రెప్రెజెంతతీఫ్' అంటే చూడ్డానికి పద్ధతిగా ఉండటం, 'ప్రెజెంటబుల్'. 'అక్త్యువేలె కెన్నిస్' అంటే తాజా పరిజ్ఞానం, 'అప్-టు-డేట్ నాలెడ్జ్'. 'ఏవెంత్యువేల్' అంటే అవసరమైతే. 'ఫుంక్సీ' అంటే ఉద్యోగం లేదా పాత్ర; 'ఇన్ దిస్ ఫంక్షన్' అని రాసిన మరుక్షణం ఇది డచ్ నుంచి వచ్చిందని ఎవరైనా చెప్పేస్తారు, 'ఇన్ దిస్ రోల్' అనండి. 'మేదియోర్' ఇంగ్లీషులో లేని మాట; 'మిడ్-లెవెల్' వాడాలి, లేకపోతే 'మీడియోకర్'లా చదువుకునే ప్రమాదముంది. ప్రభుత్వ ప్రకటనల్లో కనబడే 'బెస్త్యూర్స్‌సెన్సితివితైత్'ను 'అడ్మినిస్ట్రేటివ్ సెన్సిటివిటీ' అంటే అర్థం లేదు. 'పొలిటికల్ అవేర్‌నెస్' అనాలి.

'స్ఖాకెలెన్' (మూలార్థం స్విచ్ చేయడం) గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మీది ఎలక్ట్రికల్ ప్రకటన కాబట్టి. 'స్నెల్ కున్నెన్ స్ఖాకెలెన్' అంటే పరిస్థితి మారగానే చకచకా ఆలోచించి మలుపు తీసుకోగలగడం, 'క్విక్-థింకింగ్ అండ్ అడాప్టబుల్'. 'వివిధ స్థాయిల్లో స్ఖాకెలెన్' అంటే షాప్‌ఫ్లోర్ మనిషి నుంచి డైరెక్టర్ వరకు ఎవరితోనైనా తగినట్టు మాట్లాడగలగడం. కానీ 'స్ఖాకెల్‌బెవూఖ్ద్' అని ఉంటే అది నిజంగా విద్యుత్ స్విచింగ్ చేసే అధికారం, 'ఆథరైజ్డ్ టు కేరీ అవుట్ స్విచింగ్ ఆపరేషన్స్'. ఒకటి స్వభావం, ఒకటి అధికారపత్రం. ఇవి పక్కపక్క వాక్యాల్లోనే ఉండవచ్చు.

జంతువుల ఉపమానాలు వస్తే జంతువుల్ని తీసేయండి. వెయ్యికాళ్ల జెర్రి 'దౌజెంద్‌పోత్' ఇంగ్లీషులో 'ఆల్-రౌండర్'. 'స్పిన్ ఇన్ హెత్ వెబ్', సాలెగూటిలో సాలీడు, డచ్‌లో మెచ్చుకోలు: అన్ని విభాగాలకూ కేంద్రంగా నిలిచే మనిషి. ఇంగ్లీషులో సాలీడు అంటే కుట్ర పన్నేవాడన్న ఛాయ వస్తుంది. 'యు ఆర్ ద సెంట్రల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్' చాలు.

భాషా షరతులో 'ఖూదె బెహేర్సింగ్' అంటే 'గుడ్ కమాండ్'. 'ఫ్లూయెంట్' అని పెంచకండి, దానికి 'వ్లూయెంద్' అనే వేరే మాట ఉంది. 'ఇన్ వోర్ద్ ఎన్ ఖెస్ఖ్రిఫ్త్' అంటే 'స్పోకెన్ అండ్ రిటెన్'. ఏ2, బీ1, సీ1 లాంటి యూరప్ భాషా ప్రావీణ్య స్థాయి మూలంలో లేకపోతే మీరు చేర్చవద్దు. కావాలా అని క్లయింట్‌ను అడగవచ్చు, అది అభ్యర్థులకు ఎంతో మేలు చేస్తుంది కూడా.

చివరిది పని పరిస్థితి. '5-ప్లూఖెన్‌దీన్‌స్త్'ను 'ఫైవ్ షిఫ్ట్స్' అంటే వారానికి అయిదు షిఫ్టులనుకుంటారు. అసలు సంగతి: వారంలోని 168 గంటలూ ఫ్యాక్టరీ ఆగకుండా నడవడానికి అయిదు బృందాలు వంతులవారీగా వస్తాయి. ఒక్కో బృందానికి సగటున వారానికి 33.6 గంటలు పడుతుంది, అందులో రాత్రులు, శని ఆదివారాలు ఉంటాయి. 'విల్లింగ్ టు వర్క్ ఎ ఫైవ్-క్రూ రొటేటింగ్ షిఫ్ట్ ప్యాటర్న్, 24/7' అని రాయండి. రెండు, మూడు ప్లూఖెన్ అయితే నిరంతర పని అని అనుకోవద్దు. వాటిని 'టూ-షిఫ్ట్', 'త్రీ-షిఫ్ట్' అంటే సరిపోతుంది. 'ఖేన్ 9-తోత్-5 మెంతలితైత్' లాంటి మాటలు కూడా పైకి స్వభావంలా కనబడినా నిజానికి పని గంటల గురించినవే. 'ఫ్లెక్సిబుల్ అబౌట్ వర్కింగ్ అవర్స్' అని మర్యాదగా చెప్పవచ్చు.

వాక్య నిర్మాణం కూడా చూసుకోవాలి. డచ్ జాబితాలో ఒక వరుస నామవాచకం, ఒకటి విశేషణం, ఇంకొకటి పూర్తి వాక్యం అయినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇంగ్లీషులో అది చిందరవందరగా కనబడుతుంది. 'యు హావ్', 'యు ఆర్', 'యు కెన్' అని వరుసంతా ఒకే మూసలో నడపండి, లేదా అన్నిటినీ నామవాచక పదబంధాలు చేయండి. ఏది ఎంచుకున్నా చివరి వరుస దాకా అదే ఉండాలి.

పదం దగ్గర ఆగిపోయినప్పుడు యూరోపియన్ కమిషన్ నడిపే ఎస్కో వర్గీకరణ చూడండి. ఉచితం. ఒకే నైపుణ్యానికి డచ్ పేరు, ఇంగ్లీషు పేరు, వివరణ అందులో దొరుకుతాయి. వృత్తుల పేర్లకు అది బాగా పనికొస్తుంది. 'మొంతూర్' అన్న మాటకే సందర్భాన్ని బట్టి ఫిట్టర్, మెకానిక్, టెక్నీషియన్ అని మూడు దారులున్నాయి. స్వభావం చెప్పే మాటలకు మాత్రం ఎస్కో ఇంగ్లీషు కాస్త కర్రలా బిగుసుకుని ఉంటుంది. వాటికి అదే రంగంలో బ్రిటన్, ఐర్లండ్ కంపెనీలు నేరుగా ఇంగ్లీషులో రాసిన ప్రకటనలు నాలుగైదు చదవడమే మంచి దారి.

అనువాదం కాకుండా సొంతంగా అప్లై చేయడానికి ఈ ప్రకటనలు చదివే తెలుగు ఇంజినీర్లు ఐంద్‌హోవెన్, ఆమ్‌స్టెల్‌వేన్ వైపు చాలామంది ఉన్నారు. వాళ్లు చూడాల్సింది 'వెర్క్ ఎన్ దెంక్‌నివో', 'ఎన్ ప్రే' అన్న రెండు మాటలు. మొదటిది ఉన్న చోట డచ్ డిప్లొమా లేదన్న కారణంతో తప్పుకోనక్కర్లేదు. మన బీటెక్ లేదా పాలిటెక్నిక్ డిప్లొమా అక్కడ ఏ స్థాయికి సరిపోతుందో కాగితం కావాలంటే ఐడీడబ్ల్యూ అనే డిప్లొమా మూల్యాంకన విభాగానికి దరఖాస్తు చేయాలి. అక్కడ ఉన్నత విద్యను నుఫ్ఫిక్ అనే సంస్థ, వృత్తి విద్యను ఎస్‌బీబీ అనే సంస్థ చూస్తాయి.

మీ ఫైల్ పంపేటప్పుడు ప్రశ్నల పట్టిక వేరుగా జతచేయండి. అందులో ఎన్‌ఈఎన్ 3140 హోదా సంగతి, ఎంబీఓ పక్కన ఈక్యూఎఫ్ స్థాయి పెట్టవచ్చా అన్నది ఉండాలి. ఎక్కడైనా 'గరిష్ఠంగా ఇన్నేళ్ల అనుభవం' అని గానీ, 'యువ బృందానికి తగిన యువకుడు' అని గానీ కనబడితే అనువాదంలో మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు రాసి, పట్టికలో మాత్రం ఎత్తిచూపండి. ఉద్యోగాల్లో వయసును బట్టి తేడా చూపడంపై నెదర్లాండ్స్‌లో 2004 నుంచి చట్టం ఉంది, అనుభవానికి పైపరిమితి పెట్టడం పరోక్ష వివక్షగా లెక్కకు రావచ్చు. డచ్ మూలాన్ని సరిదిద్దుకునే నిర్ణయం కంపెనీదే, కానీ విషయం వాళ్ల దృష్టికి తేవడం మన పనిలో భాగం.